పొగకు పొలిమేర లేదు

"నా సొత్తు, నా యిష్టము." ఈ మాట వినుటకు మిక్కిలి న్యాయముగా దోచును. కోర్టులలో మేము దీనిని వినని దినము లేదు. తన దొడ్డిలో తాను మంట వేసికొనుటకు ఒకరి సెలవు అక్కరలేదని గృహస్థు వాదింపవచ్చును. కాని ఆ పొగ గోడ దాటి పొరుగింటి పసిబిడ్డ యూపిరిలో జేరిన క్షణముననే వ్యవహారము ఇరువురిదగుచున్నది. రోటరీ ఇంజను కార్ల యజమానులు కొందరు, ముఖ్యముగా అమెరికాలో, తమ కార్లకు క్రొత్త పొగగొట్టములను తగిలించి, పొగను శుద్ధిచేయు భాగములను ఊడదీయుచున్నారు. ఆ విషయమై మేము వ్రాయబూనుటకు కారణమిదియే.

ఈ యింజను చరిత్రము తెలిసినగాని ఈ పనిలోని అన్యాయము బోధపడదు. జర్మనీ దేశస్థుడైన ఫెలిక్స్ వాంకెల్ కల్పించిన యీ యంత్రము ఎన్.ఎస్.యు. కంపెనీయందు 1957లో మొదటిసారి నడచినది. సాధారణమైన ఇంజనులో పిస్టను ముందువెనుకలకు కొట్టుకొనును. ఇందులో మూడు మూలల రోటరు తిరుగును. భాగములు తక్కువ, అదురు తక్కువ, బరువు తక్కువ. 1961లో హిరోషిమాలోని టోయో కోగ్యో కంపెనీవారు, అనగా నేటి మాజ్డావారు, దీనిని నిర్మించు హక్కును బొందిరి. అణుబాంబుచే భస్మమైన పట్టణమున, అప్పటికి పదునారేండ్లకే, ఇట్టి సాహసమునకు బూనిరి. కెనిచి యమమోటో నాయకత్వమున ఇంజనీర్లు ఏండ్లతరబడి పాటుపడి 1967లో కాస్మో స్పోర్ట్ అను కారును విపణికి దెచ్చిరి.

అయితే ఈ యంత్రమునకు పుట్టుకతోడి లోపమొకటి కలదు. పెట్రోలు మండు గది పొడవై, పలుచనై యుండుటచే మంట అంచులదాక పోదు. రోటరు మూలలనుండు సీళ్లు అరుగకుండుటకై లోపలికి బంపబడు నూనెయు పెట్రోలుతోబాటు మండును. కావున మండక మిగిలిన హైడ్రోకార్బనులు పొగలో మెండుగా వెలువడును. 1970లో అమెరికా ప్రభుత్వమువారు స్వచ్ఛవాయు శాసనమును గావించి, హైడ్రోకార్బనులను, కార్బన్ మోనాక్సైడును నూటికి 90 వంతులు తగ్గింపవలెనని విధించినప్పుడు ఈ యింజనునకు ప్రాణసంకటమే వచ్చినది. హిరోషిమావారు పొగ వెలువడుచోటనే దానిని మరల మండించు థర్మల్ రియాక్టరును అమర్చిరి. పంపుచే అందులోనికి గాలిని బంపిరి. పిదప కాటలిటిక్ కన్వర్టరును జేర్చిరి. 2003లో వచ్చిన ఆర్.ఎక్స్.-8లో పొగ వెడలు ద్వారములనే ప్రక్కగోడలకు మార్చిరి. ఈ కృషియే లేకున్న 1978లో పుట్టిన ఆర్.ఎక్స్.-7 అమెరికా రోడ్లను జూచియుండదు. అభిమానులు నేడు అక్కరమాలిన బరువని విసరివైచుచున్నవి ఆ యంత్రమునకు ఊపిరిపోసిన భాగములే!

వారి వాదములనుగూడ న్యాయముగా విందము. "పొగ సులువుగా వెడలిన బలము హెచ్చును" అందురు. కొంత హెచ్చుట నిజమే. కాని టర్బోగల ఆర్.ఎక్స్.-7లో అడ్డు తొలగినప్పుడు టర్బో ఒత్తిడి అదుపుదప్పి పెరుగవచ్చును. దానికి దగిన పెట్రోలు అందనియెడల లోపల తాకిడి పుట్టి రోటరు మూలలనున్న సీలు పగులును. బలమునకై పోయి ఇంజనునే పోగొట్టుకొనినవాని దుఃఖము చెప్పనలవికాదు.

"పాత కన్వర్టరు పూడిపోయి ఇంజనును చెరచుచున్నది" అందురు. ఇదియు నిజమే, రోటరీ పొగ వేడిమి అధికము. కాని పూడిన కన్వర్టరునకు మందు క్రొత్త కన్వర్టరేగాని బోడిగొట్టము గాదు. పన్ను నొచ్చినదని దవడ తీయించుకొనువాడుండునా?

"మా కార్లు బహు కొద్ది, వేలకొలది లారీలను విడిచి మమ్ము పట్టనేల?" అందురు. ఇది వారి గట్టి వాదము. కాని ఏ తప్పిదమునకైనను అంతకంటె పెద్ద తప్పిదము లోకమున దొరకకపోదు. పెద్దదొంగ చిక్కలేదని చిన్నదొంగను విడిచిపుచ్చిన న్యాయాధిపతి యెవడు?

1991లో లె మాన్ నగరమున జరిగిన 24 గంటల పందెములో మాజ్డా 787బి కారు రోటరీ ఇంజనుతోడనే గెలిచినది. దాని గర్జనమును ప్రేమించువారిని మేము నిందింపము. ఆ గర్జనమును వినుటకు జనులు కోరి వచ్చిరి. అర్ధరాత్రి వీథిప్రక్క ఇంటిలో నిద్రపట్టక పొరలు రోగి టిక్కెట్టు కొని రాలేదు.

ఇక శాసనము. అమెరికాలో 1990 నాటి సవరణచే ఈ భాగములను ఊడదీయుట వర్తకులకేగాక యజమానులకును నిషిద్ధమైనది. మన దేశమున 1988 నాటి మోటారు వాహనముల చట్టమునందలి 52వ సెక్షను ఇట్టి మార్పులకు హద్దు విధించినది. తయారీదారు నిర్ణయించినదానికి విరుద్ధముగా వాహనమును మార్చరాదని 2019లో సుప్రీముకోర్టువారు తీర్పుచెప్పిరి. ధ్వనిని, పొగను గూర్చిన నియమములను మీరినవానికి 190వ సెక్షను క్రింద 10,000 రూపాయలవరకు జుల్మానాయు, మూడు మాసములవరకు ఖైదును గలవు.

రోటరీ కార్లు మన వీథులలో అరుదుగదా, మనకేల యీ గొడవయని చదువరులు అడుగవచ్చును. మన పట్టణములలో సైలెన్సరు మార్చిన మోటారుసైకిలు అర్ధరాత్రి గుండెలదరగొట్టుచు పోవునప్పుడు మనము వినుచున్నది ఆ వాదమే గాదా? పోలీసులు అట్టి సైలెన్సరులను రోడ్డు రోలరు క్రింద నలిపించుచున్నారు. ఇనుము నలిగినంతమాత్రమున బుద్ధి మారదు. ఇంటిలో తండ్రియు, కార్ఖానాలో మేస్త్రీయు "ఇది చేయను" అని యొక్క మాట అనగలిగిననాడు రోలరుతో పనియుండదు.

స్వాతంత్ర్యమును గోరుట గొప్పయే. దాని వెలను ఎరుగని పొరుగువానిచేత చెల్లింపజేయుట మాత్రము ఏ ధర్మశాస్త్రమునను స్వాతంత్ర్యమనిపించుకొనదు. యంత్రమును ప్రేమించువారు దానిని నిర్మించినవారి శ్రమను, దాని వెనుక నడచువారి యూపిరిని గూడ ప్రేమింపవలయునని మా ప్రార్థన.