రాసిన మాటకు చదివేవారు కావాలి

ఆన్‌లైన్ తరగతి అనగానే తెలుగునాట చాలామందికి 2020 నాటి కరోనా రోజులే గుర్తుకు వస్తాయి. ఆ ఏడాది మార్చిలో బడులు మూతపడిన తరువాత ఆంధ్రప్రదేశ్‌లో దూరదర్శన్ సప్తగిరి ద్వారా, తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానెళ్ల ద్వారా పాఠాలు ప్రసారమయ్యాయి. ఎందరో ఉపాధ్యాయులు వాట్సాప్ గ్రూపుల్లో ఇంటిపని పంపి, పిల్లలు నోటుపుస్తకంలో రాసిన జవాబులను ఫొటోలుగా తెప్పించుకున్నారు. ఈ ఏర్పాట్లన్నిటిలోనూ ఖర్చు తక్కువైనదీ, ఎవరూ పెద్దగా లెక్కలోకి తీసుకోనిదీ ఈ చివరిదే అయినా, పిల్లల రాత బడికి చేరే దారి ఉన్నది మాత్రం దానిలోనే. తక్కినవి పాఠాన్ని పైనుంచి కిందికి పంపడానికి ఏర్పడినవి. 2022 డిసెంబరు 21 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 8వ తరగతి విద్యార్థులకు పంచిన ట్యాబ్‌లు కూడా ప్రధానంగా ముందే నింపిన వీడియో పాఠాలతోనే వచ్చాయి. పరికరం మారింది కాని పిల్లవాడు వినేవాడిగానే మిగిలాడు.

రచనకు పనికివచ్చే ఆన్‌లైన్ తరగతి గది వేరు. ఉపాధ్యాయుడు ఒక అంశం ఇవ్వగా విద్యార్థి తన రచనను అందులో ఉంచడం, ఉపాధ్యాయుడూ తోటి పిల్లలూ దానిని చదివి పక్కనే వ్యాఖ్య రాయడం, ఆ వ్యాఖ్యలను చూసుకొని విద్యార్థి మళ్లీ రాయడం, మొదటి చిత్తుప్రతి నుంచి చివరి ప్రతి వరకు అన్నీ ఒకచోట నిలిచి ఉండడం దాని లక్షణాలు. 2014లో వచ్చిన గూగుల్ క్లాస్‌రూమ్ ఈ తరహాదే. ఇందులో కొత్తదనం సాంకేతికతది కాదు. మన బడుల్లో రచనకు ఇంతవరకు దక్కని రెండు వసతులు, అంటే తిరగరాసే అవకాశమూ, మార్కులు వేసే ఉపాధ్యాయుడు కాక మరొక పాఠకుడూ, దీని వల్ల దక్కుతాయి.

తెలుగు వాచకాల్లో పాఠం చివర ‘వ్యక్తీకరణ–సృజనాత్మకత’ అనే శీర్షిక కింద కథ, లేఖ, సంభాషణ, కవిత రాయమనే అభ్యాసాలు ఏళ్ల తరబడి ఉన్నాయి. వాచకాలు కూర్చినవారి ఉద్దేశాన్ని శంకించనక్కరలేదు. అయితే బజారులో దొరికే గైడు ఆ సృజనాత్మకతకు కూడా జవాబు అచ్చువేసి అమ్ముతుంది. ఏలూరు జిల్లా చింతలపూడి ప్రాంతంలో 8వ తరగతి పిల్లవాడిని మామిడి మీద వ్యాసం రాయమంటే, మామిడి పండ్లలో రాజు అనీ, దాని శాస్త్రీయనామం ఇదీ అనీ గైడులోని వాక్యాలు దించి పెడతాడు. ఆ పిల్లవాడికి నిజంగా తెలిసినది వేరు. డిసెంబరు, జనవరి నెలల్లో పూత మీద తేనెమంచు పురుగు చేరితే ఇంట్లో పెద్దల ముఖాలు ఎలా మారతాయో అతడు చూస్తూనే ఉంటాడు. పూత దశలోనే తోటను గుత్తకు ఇచ్చిన రైతు ధర పెరిగిన ఏడు ఏమనుకుంటాడో, కాయకు కాగితపు కవరు ఎందుకు తొడుగుతారో, విజయవాడ దగ్గరి నున్న మామిడి మార్కెట్‌కు లారీ ఎక్కే కాయను ఏ ముదురు మీద కోస్తారో, చిన్నరసాన్ని కొయ్యకుండా పిసికి పీల్చుకోవడంలో ఉన్న రుచి ఏమిటో అతడికి తెలుసు. మామిడి తోటల మధ్య పుట్టిన పిల్లవాడి మామిడి వ్యాసంలో పూత, పిందె, గుత్త అనే మాటలు ఒక్కటీ లేకపోవడం బడి చేసిన పనే. ఉపాధ్యాయుడికి ఎలాగూ తెలిసినదే కదా, ఆయనకు ఇవన్నీ చెప్పడం దేనికని పిల్లలు అనుకోవడంలో తప్పు లేదు. చెప్పవలసిన అవసరం తెలియనివారు చదువుతారన్నప్పుడే పుడుతుంది.

ఈ సూత్రాన్ని ఇంటర్నెట్‌కు చాలా ముందే ఆచరించి చూపినవాడు ఫ్రాన్స్ దేశపు పల్లెటూరి ఉపాధ్యాయుడు సెలెస్టిన్ ఫ్రెనే. 1924లో ఆయన దక్షిణ ఫ్రాన్స్‌లోని బార్-సుర్-లూ గ్రామపు బడిలోకి చిన్న ముద్రణ యంత్రం తెచ్చి, పిల్లలు తమ ఊరి గురించి, తమ ఇళ్ల గురించి స్వేచ్ఛగా రాసిన వాక్యాలను వారి చేతనే అచ్చుకు కూర్పించాడు. మరి రెండేళ్లకు ఆ పుటలు దేశానికి మరో కొసన, బ్రిటనీ సముద్రతీరంలోని ట్రెగుంక్ బడి పిల్లలకు చేరడం, అక్కడివి ఇక్కడికి రావడం మొదలైంది. కొండల నడుమ పిల్లలకు సముద్రతీరపు బతుకును, తీరంలోని పిల్లలకు కొండలను తోటిపిల్లలే వివరించవలసి వచ్చింది. తెలుగులోనూ న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు మద్రాసు రేడియోలో పిల్లల గొంతు వినిపించి, 1945లో ‘బాల’ పత్రిక ప్రారంభించి, పిల్లలను శ్రోతలుగా, పాఠకులుగా మాత్రమే ఉంచకుండా పాల్గొనేవారిగా మలిచారు. ఆ తరువాత పిల్లల పత్రికలు ఒక్కొక్కటే తగ్గిపోయాయి. పిల్లలు రాసినది అచ్చులో కనిపించే చోట్లు మరీ అరుదయ్యాయి.

అలాంటి చోటును ఆన్‌లైన్ గది మళ్లీ ఇవ్వగలదు. చింతలపూడి ఏలూరు నుంచి తెలంగాణలోని సత్తుపల్లికి పోయే దారిలో ఉంది. సరిహద్దుకు అటు ఒక బడి, ఇటు ఒక బడి ఒకే ఆన్‌లైన్ గదిలో కలిస్తే మాటతీరులోని చిన్న తేడాలు కూడా పిల్లల చర్చకు వస్తాయి. అంతకంటె దూరమూ పోవచ్చు. 2007లో అమెరికాలో ప్రారంభమైన సిలికానాంధ్ర మనబడి ప్రవాస కుటుంబాల పిల్లలకు తెలుగు నేర్పుతోంది. తోటను ఫొటోలో తప్ప ఎరుగని అక్కడి పిల్లవాడికి తమ దగ్గరి నాగిరెడ్డిగూడెం తమ్మిలేరు జలాశయం గురించి, మామిడి కోత గురించి చెప్పవలసివస్తే చింతలపూడి పిల్లవాడికి గైడు ఎందుకూ కొరగాదు.

పరికరాల సంగతి ఉండనే ఉంది. 14–16 ఏళ్ల గ్రామీణ పిల్లల్లో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడడం తెలుసుననీ, వారిలో సర్వేకు ముందు వారంలో దానిని చదువుకు వాడినవారు 57 శాతమనీ, సామాజిక మాధ్యమాలకు వాడినవారు 76 శాతమనీ గ్రామీణ విద్యా సర్వే ‘అసర్ 2024’ నివేదిక దేశం మొత్తానికి లెక్క తేల్చింది. ఫోను వాడడం తెలియడం వేరు, చేతిలో ఉండడం వేరు. తోట పనికి పోయిన తండ్రితోపాటే ఫోనూ పోతుంది. తెలుగు అక్షరాలను తెరమీద వత్తులతో, గుణింతాలతో కూర్చలేక తెలుగును ఇంగ్లీషు లిపిలో రాసే అలవాటు కూడా పిల్లల్లో బలపడుతోంది. 2017 నుంచి గూగుల్‌లో తెలుగు మాటను విని అక్షరాలుగా మార్చే వసతి ఉన్నా, నేర్చుకునే వయసులో దాని మీద ఆధారపడితే రాత కుంటుపడుతుంది. అందువల్ల కరోనా నాటి పాత పద్ధతే మేలు: చేతితో కాగితం మీద రాసి, బడిలోనే ఉపాధ్యాయుడి ఫోనుతో ఫొటో తీసి ఆన్‌లైన్ గదిలో ఉంచితే ఇంటికొక ఫోను లేకున్నా పని జరుగుతుంది, చేతిరాతా నిలుస్తుంది. చిత్తుప్రతి కళ్లముందు పుట్టినది కనుక యంత్రం చేత రాయించి తెచ్చారేమోనన్న అనుమానమూ తగ్గుతుంది.

అసలు అడ్డంకి ఉపాధ్యాయుడి తీరిక. హాజరుకు ఒక ఫొటో, మధ్యాహ్న భోజనానికి ఒక ఫొటో ఎక్కించే మనిషిని నలభై రచనలకు వ్యాఖ్యలు రాయమనడం అన్యాయం. నలుగురేసి పిల్లలను జట్లుగా చేసి ఒకరిది ఒకరు చదివేలా చూస్తే భారం సగానికి సగం దిగుతుంది. అర్థం కానిచోట ప్రశ్న వేయడం తోటివారి పని, తప్పు దిద్దడం ఉపాధ్యాయుడి పని. పిల్లల పేర్లు, ముఖాలు బయటివారికి కనిపించకుండా గది తలుపు మూసే ఉంచాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారి వివరాలకు తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి చేసింది.

విద్యాశాఖ చేయవలసినది కొత్త యాప్ తేవడం కాదు. వారానికి ఒక తెలుగు పీరియడ్‌ను రచనకు వదిలి, నిరంతర మూల్యాంకనంలో రాతపనికి ఇచ్చే మార్కులను మొదటి ప్రతికి కాక తిరగరాసిన ప్రతికి ఇస్తే చాలు. ఆ ఉత్తర్వు వచ్చేవరకు ఆగనక్కరలేని తెలుగు పండితులు చింతలపూడి ప్రాంతంలో ఉన్నారు. రాబోయే పూతకాలంలో ఒక తరగతితో, పొరుగు రాష్ట్రపు ఒక బడితో వారు దీనిని మొదలుపెట్టాలని కోరుతున్నాము.