దాతలు తప్పుకున్నాక టీకాకు డబ్బెవరిస్తారు?

2023 తొలి నెలల్లో ఘనాలో పసిబిడ్డలను వీపున కట్టుకుని ఆరోగ్య కేంద్రాలకు వెళ్ళిన తల్లులు ఉత్త చేతులతో తిరిగొచ్చారు. పుట్టగానే వేయాల్సిన క్షయ టీకా బీసీజీ లేదు, పోలియో చుక్కలు లేవు, తట్టు టీకా లేదు. అప్పటికే ఉత్తర ప్రాంతంలో తట్టు వ్యాపిస్తోంది. పిల్లల వైద్యుల సంఘం బహిరంగంగా హెచ్చరించాకే ప్రభుత్వంలో కదలిక వచ్చింది. మార్చిలో టీకాల విమానం దిగేదాకా పిల్లల తల్లిదండ్రులు రోజులు లెక్కపెట్టుకోవాల్సి వచ్చింది.

అయిపోయిన ఆ టీకాలేమీ ఖరీదైనవి కావు. దశాబ్దాలుగా వాడుకలో ఉన్న, అన్నిటికంటే చౌకైన మందులవి. ఖరీదైన పెంటావాలెంట్ (ఐదు వ్యాధులకు ఒకే టీకా), న్యుమోనియా, రోటావైరస్ టీకాలకు అంతర్జాతీయ కూటమి 'గావి' సాయం ఉంది. బీసీజీ, పోలియో వంటి పాత టీకాలను మాత్రం ప్రభుత్వం తన సొమ్ముతోనే కొనుక్కోవాలి. ఆ సొమ్ము డాలర్లలో కట్టాలి. 2022లో ఘనా కరెన్సీ సెడీ కుప్పకూలింది. డిసెంబరులో ఆ దేశం విదేశీ అప్పుల చెల్లింపును చాలావరకు నిలిపేసింది. ఖజానా ముందున్న పద్దుల వరుసలో టీకాలు వెనక్కి పోయాయి. 2023 ఏప్రిల్‌లో, అంటే ఆ కొరత తీరీ తీరకముందే, ఆర్21 మలేరియా టీకాకు ప్రపంచంలో మొట్టమొదట అనుమతి ఇచ్చింది కూడా ఘనాయే. శాస్త్రం మీద నమ్మకానికి అక్కడ లోటు లేదు. పిల్లల టీకాల విషయంలో ఆఫ్రికాలో ఎన్నో ఏళ్ళుగా మంచి పేరున్న దేశమది. అలాంటి చోటే ఒక్క ఏడాది చెల్లింపు తప్పితే ఇలా జరిగిందంటే, దాతలు తప్పుకుంటున్న మిగతా దేశాల సంగతి ఏమిటన్నది గట్టిగా ఆలోచించాల్సిన ప్రశ్న.

గావి 2000లో దావోస్‌లో మొదలైంది. గేట్స్ ఫౌండేషన్ ఇచ్చిన 75 కోట్ల డాలర్లు దానికి తొలి పెట్టుబడి. తలసరి ఆదాయం దాదాపు 1,800 డాలర్ల లోపున్న దేశాలు సాయానికి అర్హమైనవి. అత్యంత పేద దేశం సాధారణంగా డోసుకు 20 సెంట్లు తన వంతుగా కడుతుంది. ఆదాయం పెరిగే కొద్దీ వాటా పెరుగుతుంది. హద్దు దాటాక ఎనిమిదేళ్ళ గడువు నడుస్తుంది, ఆ తర్వాత మొత్తం ఖర్చు ఆ దేశానిదే. మునుపు ఈ గడువు ఐదేళ్ళే ఉండేది, చాలడం లేదని పెంచారు. కాగితం మీద ఇది చక్కని ఏర్పాటు. దేశాలను ఎల్లకాలం చేయి చాచేలా ఉంచకుండా తమ కాళ్ళ మీద నిలబెట్టాలన్నది దాని ఉద్దేశం. ఇండొనేసియా అలాగే నిలబడి, 2024లో గావికి తానే దాతగా మారింది.

చిక్కంతా కొలమానంలో ఉంది. తలసరి ఆదాయం సగటు మాత్రమే. చమురు ధర ఎగబాకితే అంగోలా సగటు పెరుగుతుంది. అంతమాత్రాన రాజధాని లువాండా శివార్లలోని పేటల్లో నర్సు, ఫ్రిజ్, రోడ్డు ఏర్పడవు. 2018లో అంగోలా గావి సాయం నుంచి బయటికి వచ్చింది. ఒక్క టీకా కూడా అందని పిల్లలు ఎక్కువగా ఉన్న దేశాల జాబితాలో అది ఇప్పటికీ ఉంది. నైజీరియా విషయంలో గావి ముందే మేలుకుని గడువును 2028 దాకా పొడిగించింది. ఆదాయం హద్దు దాటిందా అని చూసేవారు, ఎంత శాతం పిల్లలకు టీకా చేరుతోందో కూడా అదే బల్ల మీద పెట్టుకుని చూడాలి. రెండోది బలహీనంగా ఉన్నప్పుడు సాయం ఆపడం పిల్లలకు శిక్ష వేయడమే.

సాయం ఆగిన దేశానికి టీకా ధరే కీలకం. ఆ ధరల కథలో మన హైదరాబాద్ పాత్ర చిన్నది కాదు. హెపటైటిస్ బీ దిగుమతి టీకా వందల రూపాయలు పలికే రోజుల్లో, 1997లో శాంతా బయోటెక్నిక్స్ దాన్ని దాదాపు 50 రూపాయలకు తెచ్చింది. 2013లో 'బయోలాజికల్-ఈ' సంస్థ పెంటావాలెంట్‌ను డోసు 1.19 డాలర్లకు ఇస్తానని గావితో ఒప్పుకుంది. అంతకు పదేళ్ళ ముందు అదే టీకా మూడు డాలర్లు దాటి ఉండేది. 2018లో ఔషధ సంస్థ మెర్క్ తన రోటావైరస్ టీకా సరఫరాను పశ్చిమ ఆఫ్రికాకు తగ్గించేసినప్పుడు కొన్ని దేశాలు ఇతర టీకాల వైపు చూడాల్సి వచ్చింది. భారత్ బయోటెక్ వారి రోటావైరస్ టీకా రోటావాక్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు వచ్చింది ఆ ఏడాదే. అంతకు రెండేళ్ళ ముందు, 2016లో, మన దేశ కార్యక్రమంలో రోటావైరస్ టీకా మొదలైన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

అయితే ఈ చౌక ధరలు ఫ్యాక్టరీల దయాగుణం వల్ల రాలేదు. ఇన్నేళ్ళకు ఇన్ని కోట్ల డోసులు కొంటాం, డబ్బు ఖాయం అని ఒకే కొనుగోలుదారు ముందుకు వచ్చినందువల్ల వచ్చాయి. దేశాలు విడివిడిగా టెండర్లు పిలిస్తే చిన్న దేశానికి పెద్ద ధర పడుతుంది, కొన్నిసార్లు టెండరుకు ఎవరూ రారు. 1970ల చివరినుంచి అమెరికా ఖండాల దేశాలు ప్యాన్ అమెరికన్ హెల్త్ ఆర్గనైజేషన్ రివాల్వింగ్ ఫండ్ ద్వారా ఉమ్మడిగా కొంటున్నాయి. డబ్బు ఎవరిది వారే కట్టుకుంటారు, బేరం మాత్రం అందరిదీ కలిపి. సరుకు వచ్చాక సొమ్ము సర్దుకునే వెసులుబాటూ ఉంటుంది. ఆఫ్రికా, ఆసియా దేశాలకు అలాంటి శాశ్వత ఏర్పాటు ఇప్పటికీ లేదు. యూనిసెఫ్ వద్ద ముందస్తు అప్పు పథకం 1991 నుంచీ ఉన్నా, దాని నిధి అవసరంలో కొద్ది భాగానికే చాలుతుంది. గావి నుంచి బయటికి వెళ్ళే ప్రతి దేశానికీ పాత ధరే కనీసం పదేళ్ళు కొనసాగుతుందన్న హామీ ఉండాలి. డబ్బు సాయం ఆగినా బేరంలో చోటు ఆగకూడదు.

సొంత సొమ్ము ఎలా పోగేయాలో భూటాన్ చూపించింది. 1990ల చివర్లో ఆ చిన్న దేశం టీకాల కోసం, అత్యవసర మందుల కోసం ఒక ఆరోగ్య నిధి పెట్టుకుంది. అసలు ముట్టుకోకుండా దాని రాబడితోనే కొనాలన్నది నియమం. 2002లో ఆరోగ్య మంత్రి సంగే న్గెదుప్ విరాళాలు కోరుతూ తూర్పున ట్రాషిగాంగ్ నుంచి రాజధాని థింపూ దాకా 560 కిలోమీటర్లు 15 రోజుల్లో నడిచారు. గావి సాయం ఆగే నాటికి ఆ నిధి సిద్ధంగా ఉంది. ప్రతి దేశమూ భూటాన్ కాలేదు, నిజమే. కోట్ల జనాభా ఉన్న దేశానికి అలాంటి నిధి పోగేయడం కష్టం. కానీ టీకాల పద్దును ఆర్థిక శాఖ కోతలకు అందకుండా చట్టంతో కట్టిపెట్టడం, కొనుగోలు తేదీకి ముందే డాలర్లు పక్కన పెట్టడం ఏ దేశమైనా చేయగలిగిన పనులే. ఘనాలో జరిగినది చాలావరకు ఆ రెండూ లేకపోవడం వల్లే.

ఇది తీరికగా చేసుకునే సంస్కరణ కాదిప్పుడు. 2025 జూన్‌లో బ్రస్సెల్స్‌లో గావి తర్వాతి ఐదేళ్ళకు 1,190 కోట్ల డాలర్లు అడిగితే, 900 కోట్లకు పైగా మాత్రమే హామీలు వచ్చాయి. ముందటి ప్రభుత్వం మాట ఇచ్చిన దాదాపు 160 కోట్ల డాలర్లను అమెరికా ఇవ్వబోనని అక్కడే చెప్పేసింది. లోటు పడిన సొమ్ముకు కోత ఎక్కడ పడుతుందో తెలుసుకోవడం కష్టం కాదు. టీకా కొనుగోలును వీలైనంత కాపాడి, నర్సుల శిక్షణ, మారుమూల శిబిరాలు, ఫ్రిజ్‌ల మరమ్మతులకు ఇచ్చే డబ్బును తగ్గిస్తారు. బయటికి కనపడని ఖర్చు అది. తట్టు టీకా సీసాను కలిపాక కొన్ని గంటల్లోనే వాడేయాలి, మిగిలితే పారేయాలి. పది డోసుల సీసాను ఇద్దరు పిల్లల కోసం తెరవాలా వద్దా అన్నది నర్సు తేల్చుకోవాలి. సరఫరా నమ్మకంగా ఉంటేనే ఆమె తెరుస్తుంది. లేదంటే బిడ్డను మళ్ళీ రమ్మంటుంది. మళ్ళీ రావడానికి ఆ తల్లి ఒక రోజు కూలి పోగొట్టుకోవాలి.

భారత్ ఈ కథలో రెండు పక్కలా ఉంది. గావి సాయం తీసుకుంటూనే, 2020లో అదే గావికి కోటిన్నర డాలర్లు ఇస్తానంది. ఒక్క టీకా కూడా అందని పిల్లలు మన దేశంలో 2023లో 16 లక్షల మంది ఉంటే, 2024కి 9 లక్షలకు తగ్గారు. మంచి మలుపే. ఆ 9 లక్షలను చేరడానికి అయ్యే ఖర్చులో ఎక్కువ భాగం మన ఖజానాదే. రాష్ట్రాలు ఏఎన్ఎంల ఖాళీలను నింపకుండా ఉంచితే ఆ సంఖ్య మళ్ళీ పైకి పోతుంది. హైదరాబాద్ దగ్గరి జినోమ్ వ్యాలీలో తయారయ్యే డోసుల్లో పెద్ద వాటాకు గావి, యూనిసెఫ్ ఆర్డర్లే ఆధారం. ఆ ఆర్డర్లు చిన్నాభిన్నమైతే ధర పెరుగుతుంది, ఇక్కడి ఉద్యోగాలూ దెబ్బతింటాయి. కాబట్టి దాతలు తప్పుకుంటున్న దేశాలకు ఉమ్మడి కొనుగోలు వేదిక కావాలని ప్రపంచ ఆరోగ్య సభలో భారత్ పట్టుబట్టాలి. మన ఎంపీలు ఈ ప్రశ్నను పార్లమెంటులో లేవనెత్తాలి. 2026 నుంచి నడిచే గావి ఐదేళ్ళ లెక్కలో ఆ వేదికకు చోటు దొరికేలా చూడాల్సింది ఇప్పుడే.