మేనత్త జబ్బు కూడా చెప్పాలి

ఆసుపత్రికి మొదటిసారి వచ్చిన ప్రతివారినీ మేము ఒక ప్రశ్న అడుగుతాం: మీ కుటుంబంలో ఎవరికైనా పెద్ద జబ్బులు ఉన్నాయా? షుగరు, బి.పి. అయితే మనవాళ్లు దాపరికం లేకుండా చెబుతారు. "మా నాన్నకుంది, మా అన్నకుంది, ఇప్పుడు నాకొచ్చింది" అంటారు. క్యాన్సర్ మాట ఎత్తగానే మాత్రం "అబ్బే, మా ఇంట్లో అలాంటివి లేవండి" అనే జవాబు వస్తుంది. పక్కన కూర్చున్న అత్తగారి వైపు ఒకసారి చూసి ఆ జవాబు చెప్పే కోడళ్లు ఎందరో.

ఈ దాపరికం వల్ల ప్రాణాలకే ముప్పు అని మా అభిప్రాయం. ఎందుకో చెప్పాలంటే ఒక శాస్త్రవేత్త చేసిన పని గురించి ముందు చెప్పాలి.

ఆమె పేరు మేరీ క్లెయిర్ కింగ్. 1946లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో పుట్టారు. ఆమె పదిహేనేళ్ల వయసులో ఉండగా చిన్ననాటి స్నేహితురాలు క్యాన్సర్‌తో చనిపోయింది. కింగ్ చదివింది మొదట లెక్కలు, తరువాత జన్యుశాస్త్రం. 1973లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీలో డాక్టరేటు పొందారు. ఆ పరిశోధన మనిషికీ చింపాంజీకీ ఉన్న పోలికల మీద. దాని గురించి మన సంఘాల్లో వాదనలు ఉంటాయి, ఇక్కడ ఆ చర్చ వద్దు. మనకు కావలసింది ఆ తరువాతి పని.

ఏ జబ్బు ఎవరికి, ఎంతమందికి, ఎందుకు వస్తుందో లెక్కకట్టే శాస్త్రాన్ని ఎపిడెమియాలజీ అంటారు. ఆ లెక్కను రక్తసంబంధంతో కలిపి చూస్తే అది జెనెటిక్ ఎపిడెమియాలజీ. 1974 ప్రాంతంలో కింగ్ ఈ పద్ధతిలో రొమ్ము క్యాన్సర్ మీద పని మొదలుపెట్టారు. కొన్ని కుటుంబాల్లో ఈ జబ్బు ఎక్కువగా కనబడుతుందని డాక్టర్లకు అప్పటికే తెలుసు. ఫ్రాన్స్‌లో పాల్ బ్రోకా అనే వైద్యుడు తన భార్య తరపు వారిలో తరతరాలుగా వచ్చిన రొమ్ము క్యాన్సర్ వివరాలను 1866లోనే ప్రచురించాడు. కాని అది నెత్తురులో వచ్చిందని ఎలా చెప్పడం? ఒకే ఇంటివాళ్లు ఒకే తిండి తింటారు, ఒకే ఊళ్లో బతుకుతారు. పైగా ఇది చాలామందికి వచ్చే జబ్బు, ఒక ఇంట్లో ఇద్దరికి రావడం కాకతాళీయం కూడా కావచ్చు. క్యాన్సర్‌కు వైరస్‌లే కారణమని నమ్మే శాస్త్రవేత్తలు ఆ రోజుల్లో చాలామంది. ఒక్క జన్యువు ఇంత పెద్ద జబ్బును తెచ్చిపెడుతుందంటే ఎక్కువమంది నమ్మలేదు.

కింగ్ ఎవరితోనూ వాదించే పని పెట్టుకోలేదు, లెక్క వేశారు. 55 ఏళ్లలోపు రొమ్ము క్యాన్సర్ వచ్చిన స్త్రీల కుటుంబాలు 1,579 తీసుకుని, తల్లి, అక్కచెల్లెళ్లు ఎవరెవరికి జబ్బు వచ్చిందో చూశారు. వాటిలో సుమారు 4 శాతం కుటుంబాల్లో జబ్బు నడిచిన తీరు ఒక్క జన్యువు తరం నుండి తరానికి దిగినట్టే ఉందని 1988లో చూపించారు. ఇక ఆ జన్యువు ఎక్కడుందో వెతకాలి. పెద్ద పెద్ద కుటుంబాల నుండి రక్తం సేకరించి, క్రోమోజోముల మీద తెలిసిన గుర్తులను ఒకదాని తరువాత ఒకటిగా పరీక్షించారు. మొదట ఏదీ తేటగా కనబడలేదు. జబ్బు చిన్న వయసులో వచ్చిన కుటుంబాలను ముందుగా, పెద్ద వయసులో వచ్చిన వాటిని చివరగా పేర్చి చూసినప్పుడు జవాబు బయటపడింది. 23 కుటుంబాలు, 146 మంది రోగులు. జన్యువు 17వ క్రోమోజోము మీద ఉందని 1990లో ప్రకటించారు. పదహారేళ్ల శ్రమ అది. దానికి బి.ఆర్.సి.ఎ.1 అని పేరు పెట్టారు. 1994లో ఇంకొక బృందం ఆ జన్యువును పూర్తిగా వేరుచేసి చూపింది. మరుసటి ఏడు బి.ఆర్.సి.ఎ.2 కూడా దొరికింది. ఆ జన్యువుల మీద పేటెంట్లు పొందిన ఒక కంపెనీ చాలాకాలం పరీక్షను తన చేతిలోనే ఉంచుకుంది. మనిషి శరీరంలో దేవుడు పెట్టినదాన్ని ఒక కంపెనీ తనదని ఎలా అంటుందని మనలాంటి సామాన్యులకు తోస్తుంది. అమెరికా సుప్రీంకోర్టు కూడా 2013లో, ప్రకృతిలో ఉన్న జన్యువుకు పేటెంటు చెల్లదని తీర్పు చెప్పింది.

ఇంత పనికీ ఆధారం ఏమిటి? "మా అమ్మకు వచ్చింది, మా పిన్నికి వచ్చింది, ఫలానా వయసులో వచ్చింది" అని చెప్పిన స్త్రీల మాటలు. వారంతా "మా ఇంట్లో లేదండి" అని ఉంటే కింగ్ దగ్గర లెక్క వేయడానికి అంకెలే ఉండేవి కావు.

ఇప్పుడు మన ఇళ్ల సంగతికి వద్దాం. ఈ జన్యువులు అందరిలోనూ ఉంటాయి. కణాల్లో డి.ఎన్.ఎ. దెబ్బతింటే బాగుచేయడం వాటి పని. వాటిలో లోపం ఉన్న ప్రతి పుట్టుకతో వచ్చినవారికే ప్రమాదం. అలాంటి స్త్రీలలో నూటికి అరవై డెబ్బై మందికి జీవితకాలంలో రొమ్ము క్యాన్సర్ రావచ్చు. అండాశయ క్యాన్సర్ ప్రమాదం కూడా పెరుగుతుంది. లోపం తల్లి నుండే రావాలని లేదు, తండ్రి నుండి కూడా వస్తుంది. కొడుకైనా కూతురైనా, సంక్రమించే అవకాశం సగానికి సగం. తండ్రి ఏ జబ్బూ లేకుండా బతికి, కూతురికి ఆ లోపాన్ని ఇచ్చి వెళ్లవచ్చు.

మనవాళ్లు పొరబడేది ఇక్కడే. అడిగితే అమ్మ, అమ్మమ్మ, పిన్ని వరకు చెబుతారు. మేనత్త గుర్తురాదు. ఆమె పెళ్లయి ఇంకొక ఇంటికి వెళ్లింది, ఇంటిపేరు మారింది, ఆమె జబ్బు ఆ ఇంటి జబ్బుగా లెక్కలోకి పోయింది. ఇంటిపేరు మారినంత మాత్రాన రక్తం మారదు కదా! నాయనమ్మ, మేనత్త, మేనత్త కూతురు, వీరి సంగతి డాక్టరుకు అమ్మమ్మ సంగతి ఎంత ముఖ్యమో అంత ముఖ్యం.

ఎందుకు దాస్తారో మాకు తెలియక కాదు. ఇంట్లో పెళ్లి కావలసిన ఆడపిల్లలుంటారు. మాట బయటకు పొక్కితే సంబంధాలు తప్పిపోతాయని భయం. ఆ భయం వట్టిది అని మేము అనం. కాని తప్పు దాచేవారికంటే, విని వెనక్కి తగ్గే పెళ్లివారిదే ఎక్కువ. షుగరు ఉన్న ఇంటి పిల్లను కళ్లు మూసుకుని చేసుకుంటారు, ఈ మాట వినగానే వెనక్కి పోతారు. ఇదేమి న్యాయం? ఇంకొందరు దీన్ని తండ్రుల పాపమనీ శాపమనీ అంటారు. యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయంలో పుట్టు గుడ్డివాని గురించి శిష్యులు అదే అడిగారు. ప్రభువు అతనినిగాని, అతని తల్లిదండ్రులనుగాని తప్పుపట్టలేదు. మన పాస్టరుగార్లు ఆ అధ్యాయం మీద ప్రసంగించేటప్పుడు క్యాన్సర్ పేరు ఎత్తి చెబితే ఎంతో మేలు.

ఒక మాట తేటగా చెప్పాలి. రొమ్ము క్యాన్సర్ రోగుల్లో వంశపారంపర్యంగా వచ్చేది నూటికి అయిదు నుండి పది మందికే. కాబట్టి కుటుంబంలో ఉంది కదా అని నాకూ వచ్చి తీరుతుందని కుంగిపోనక్కరలేదు, లేదు కదా అని గడ్డను నిర్లక్ష్యం చేయనూ కూడదు. నొప్పి లేని గడ్డనే ముందు చూపించుకోవాలి.

కింగ్ అయితే ఇంకా ముందుకు వెళ్లారు. ఇజ్రాయెల్‌లో ఆమె బృందం చేసిన పరిశోధనలో, లోపం ఉన్న కుటుంబాల్లో సగం వాటిలో చెప్పుకోదగ్గ క్యాన్సర్ చరిత్రే లేదని తేలింది. అందుకని ముప్పై ఏళ్లు వచ్చిన ప్రతి స్త్రీకీ ఈ పరీక్ష అందుబాటులో ఉంచాలని 2014లో సూచించారు. ఆమె మీద ఎంత గౌరవం ఉన్నా, ఈ విషయంలో మేము ఆమెతో ఏకీభవించలేం. ఫలితం చేతికి వచ్చాక వివరించి చెప్పేవారు, ఏటేటా ఎం.ఆర్.ఐ. చేసేవారు దగ్గరలో లేని మన పల్లెల్లో, ఆ కాగితం భయాన్ని మాత్రమే ఇస్తుంది. మనకు ముందు కావలసింది ఖర్చు లేని పరీక్ష, అంటే డాక్టరు అడిగినప్పుడు నిజం చెప్పడం. చరిత్ర బలంగా ఉంటే రక్తపరీక్షకు ఎక్కడికి పంపాలో అప్పుడు ఆలోచించవచ్చు.

మీరు చెప్పింది డాక్టరు గది దాటి పోదు. అత్తగారి ముందు చెప్పలేకపోతే, విడిగా మాట్లాడాలని నర్సమ్మతో అనండి చాలు. వచ్చేముందు ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రండి: ఎవరికి వచ్చింది, ఏ భాగంలో వచ్చింది, ఎవరి వైపువారు. "కడుపులో నీరు పట్టి పోయింది" అన్న నాయనమ్మ సంగతి కూడా చెప్పండి, అది కాలేయం జబ్బో అండాశయం జబ్బో మేము ఆరా తీస్తాం. వయసు తప్పకుండా కావాలి. కచ్చితంగా తెలియకపోతే, పెద్ద కూతురి పెళ్లికి ముందా తరువాతా అని చెప్పినా మేము లెక్క కట్టుకుంటాం.