గడప దాకా వచ్చే ఖర్చు

పొదుపు గురించి చెప్పేవాళ్లంతా తిరిగి తిరిగి మనసు దగ్గరికే వస్తారు. కోరికలు తగ్గించుకో, క్రమశిక్షణ నేర్చుకో, అవసరమేదో ఆడంబరమేదో తేల్చుకో. వినేవాడు తలూపి, ఇంటికెళ్లే దారిలోనే ఏదో ఒకటి కొనేస్తాడు. నాకీ మాటల మీద ఎప్పుడూ గురి లేదు. క్రమశిక్షణ లేదని ఇంట్లో తిట్లు తినే ఆ మనిషే బండికి, ఫోనుకి, ఫ్రిజ్‌కి, పర్సనల్ లోనుకి నెలనెలా అయిదో తారీఖున వాయిదాలు కడుతున్నాడు, ఒక్క నెల తప్పకుండా. అంతకు మించి క్రమశిక్షణ ఏం కావాలి? అదంతా ఖర్చు పెట్టేసిన డబ్బు వెనక పరుగెత్తడానికే సరిపోతోంది, అంతే.

పాడు ఖర్చును మాన్పించడంలో మనవాళ్లు సాధించిన పెద్ద విజయం ఒకటుంది. దాన్ని మద్యనిషేధం ఖాతాలో రాసుకుని, పొదుపు ఖాతాలో రాసుకోవడం మరిచాం. నెల్లూరు జిల్లా కలిగిరి మండలం దూబగుంట సంగతి చెబుతున్నాను. అప్పట్లో వారుణి వాహిని పేరుతో ప్రభుత్వమే సారాను పొట్లాల్లో ఊళ్లకు పంపేది. తాగేవాడు ఎక్కడికీ పోనక్కర్లేదు. కూలి డబ్బులు చేతిలో పడే వేళకి పొట్లం ఊళ్లోనే సిద్ధంగా ఉండేది. అక్షరాస్యత ఉద్యమం వాచకంలో సీతమ్మ కథ చదువుకున్న ఆడవాళ్లు, రోశమ్మ లాంటివాళ్లు ముందు నిలవగా, సారా మీద తిరగబడ్డారు. మొగుళ్లకు నీతులు చెప్పడం వాళ్లకు కొత్తేం కాదు, ఏళ్ల తరబడి చెప్పి విసిగిపోయారు. ఈసారి మొగుళ్లను వదిలేసి సారా దుకాణం మీద పడ్డారు, సరుకును ఊళ్లోకి రాకుండా అడ్డుకున్నారు. ఆ సెగ జిల్లా అంతా పాకింది. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది.

వాళ్లు చేసిన రెండో పని నాకు మరీ నచ్చుతుంది. మిగిలిన డబ్బు ఇంట్లో ఉంటే ఏదో ఒక దారి చూసుకుంటుందని వాళ్లకు తెలుసు. అందుకే పొదుపులక్ష్మి సంఘాలు పెట్టుకుని రోజుకో రూపాయి లెక్కన దాచారు. నెలకి ముప్పై రూపాయలు, తోటివాళ్ల కళ్లముందే. కట్టనివాళ్లెవరో అందరికీ తెలిసిపోతుంది. డ్వాక్రా సంఘాలు మన పల్లెల్లో అంతగా వేళ్లూనడానికి ఆ రూపాయి చాలా సాయం చేసింది.

సారా కాపురాలు కూల్చింది. యాప్‌లో ఇంటికి దోసెపిండి తెప్పించుకోవడాన్ని దాంతో కలిపి తూచడం అన్యాయమే. అయినా వేళ కనిపెట్టి సరుకు గడప దాకా రావడంలో ఉన్న కిటుకు మాత్రం రెండింటికీ ఒకటే.

మా మిత్రుడొకడు విజయవాడలో జూనియర్ లెక్చరరు. జీతం బాగానే వస్తుంది, ఇరవయ్యో తారీఖుకల్లా జేబు ఖాళీ. "పెద్ద ఖర్చులేం లేవురా" అంటాడు. బ్యాంకు స్టేట్‌మెంటు ప్రింటు తీయించి, పెన్ను పట్టుకుని ఇద్దరం కూర్చున్నాం. వాడన్నది నిజమే. అన్నీ 83లు, 149లు, 212లు. అందులో ఒక సాయంత్రం కథ ఇది. కొత్తిమీర అయిపోయిందని యాప్ తెరిచాడు. కట్ట పదిహేను రూపాయలు. 199 దాటితే డెలివరీ ఉచితం అని పైన పచ్చగీత కనబడింది. ఆ గీత నిండటానికి చిప్సు, ఐస్‌క్రీమ్, పిల్లాడికి రంగు పెన్నులు. హ్యాండ్లింగ్ ఛార్జీ మామూలే. అలా పదిహేను రూపాయల కొత్తిమీర కోసం తెరిచిన యాప్‌లో ముప్పై రూపాయల డెలివరీ ఛార్జీ తప్పించుకుని, రెండొందల పద్నాలుగు కట్టాడు. వీధి చివర కూరలమ్మే ఆమె దగ్గర అర కిలో వంకాయలు కొంటే కొత్తిమీర కొసరుగా వేసేది.

చేతిలోంచి నోటు తీసి ఇచ్చేటప్పుడు ప్రాణం కాస్త గిలగిల్లాడుతుంది. స్క్రీన్ మీద నొక్కితే ఆ బాధ ఉండదు. ప్రెలెక్, సిమెస్టర్ అనే ఇద్దరు ఎంఐటీ ప్రొఫెసర్లు బాస్కెట్‌బాల్ టికెట్లు వేలం వేసి ఈ సంగతి రుజువు చేశారు. కార్డుతో కట్టాల్సినవాళ్లు నగదు వాళ్లకు దాదాపు రెట్టింపు పాట పాడారు. అది 2001 నాటి మాట, అప్పటికి మనకు యూపీఐ లేదు. 2016లో యూపీఐ వచ్చింది. ఇప్పుడు యూపీఐ లైట్‌లో చిన్న మొత్తాలకు పిన్ కూడా అడగదు. ఆ అంకెలు కొట్టేటప్పుడు కలిగే క్షణం సందేహం కూడా పోయింది.

మిత్రుడు రోషం తెచ్చుకుని యాప్ తీసేశాడు, ఆదివారం మళ్లీ వేసుకున్నాడు. ఇలాంటి ఒట్లు అంతే. పనికొచ్చింది వాళ్లావిడ సలహా. జీతం పడే ఖాతాను ఫోన్లోని యూపీఐలోంచి తీసేయించింది. మూలపడి ఉన్న పాత ఖాతా ఒక్కటే ఫోనుకి ఉంచి, సోమవారం సోమవారం అందులో మూడువేలు వేస్తారు. శుక్రవారానికి అయిపోతే అయిపోయినట్టే. ఇంకా కావాలంటే లేచి ఏటీఎం దాకా నడవాలి, నడిచేలోపు సగం కోరికలు చల్లారతాయి. యూపీఐ యాప్‌లోనే ఆటోపే జాబితా ఉంటుంది. దాన్ని తెరిస్తే ఎప్పుడో మానేసిన జిమ్ము, ఎవరూ చూడని ఓటీటీ నెలనెలా డబ్బు లాగుతూ కనిపించాయి. వాటిని రద్దు చేశారు.

అలా మిగిలిన డబ్బుని ఖాతాలో ఉండనివ్వలేదు. రెండో తారీఖున మూడువేలు పోస్టాఫీసు ఆర్‌డీకి పోతుంది. 2023 అక్టోబరులో 6.7 శాతం చేసిన వడ్డీ లెక్కన అయిదేళ్లలో కట్టేది 1,80,000, చేతికొచ్చేది 2,14,000 పైచిలుకు. దీంతో ఎవడూ కోటీశ్వరుడు కాడు. అయితే క్రెడిట్ కార్డు బాకీ ఉన్నవాడు ఆర్‌డీ జోలికి వెళ్లడం తెలివితక్కువతనం. కార్డు వడ్డీ నెలకి మూడున్నర శాతమంటే ఏడాదికి 42. మినిమమ్ డ్యూ కట్టి ఊపిరి పీల్చుకుంటే మిగతా బాకీ మీదే కాదు, కొత్తగా కొన్నవాటి మీద కూడా కొన్నరోజు నుంచే వడ్డీ పడుతుంది. ముందు అది తీర్చాలి.

డబ్బు చేతికందకుండా దాచే పనిని మన అమ్మల తరానికి చీటీ చేసిపెట్టింది. పాడుకున్నాక కట్టకపోతే వీధిలో తలెత్తుకోలేరు. ఇప్పుడు చీటీ వెయ్యాలనుకుంటే 1982 నాటి చట్టం కింద రిజిస్టరైందో లేదో చూసుకోండి, చిట్‌ఫండ్స్ రిజిస్ట్రార్ ఆఫీసులో చెబుతారు. తెలిసినామె, నమ్మకస్తురాలు అని వేసిన చీటీలు ఎన్ని మునిగాయో పేపర్లో చూస్తూనే ఉన్నాం.

ఇక ఓణీల ఫంక్షను, గృహప్రవేశం, డ్రోన్ కెమెరా, రిటర్న్ గిఫ్టులు. ఇవి యాప్ తీసేస్తే పోవు, బంధువుల్ని తీసెయ్యలేం. వాటి సంగతి మరోవారం.

చాలీచాలని జీతంతో నెట్టుకొచ్చేవాళ్లకు ఇదంతా చెప్పడం లేదు. వాళ్లకు కావాల్సింది జీతం పెంపు. నేను చెప్పేది ఏటా ఇంక్రిమెంటు వస్తున్నా ఏమీ మిగలనివాళ్లకి. అమెరికాలో థేలర్, బెనార్ట్‌జీ అనే అర్థశాస్త్రవేత్తలు ఒక కంపెనీ ఉద్యోగులను ఇప్పుడు దాచమని అడగలేదు. జీతం పెరిగినప్పుడల్లా పొదుపు కూడా కొంత పెరిగేలా ముందే ఒప్పించారు. ఒప్పుకున్నవాళ్ల పొదుపు 40 నెలల్లో జీతంలో 3.5 శాతం నుంచి 13.6 శాతానికి చేరింది. 2004లో అచ్చయిన ఆ లెక్క మన డీఏలకూ ఇంక్రిమెంట్లకూ అతికినట్టు సరిపోతుంది. చేతికి రాని డబ్బు మీద ఎవరికీ అంత మమకారం ఉండదు మరి.

మా మిత్రుడు ఈసారి డీఏ బకాయిలు రాగానే బండి మారుస్తానంటున్నాడు. పెరిగిన డీఏతో ఇంకో ఆర్‌డీ తెరిచాకే షోరూముకి పదమంటోంది వాళ్లావిడ. చర్చలు నడుస్తున్నాయి.