కోత లేని ఏట కోత పండుగ



కదిరి ప్రాంతములో కోత పండుగ దగ్గరపడునప్పుడు సేవకులమైన మాకు ఒక చింత పట్టుకొనును. పంట రాని ఏట కోత పండుగ ఎట్లు చేయుదుము? ఇంట గింజలు లేనివారిని కృతజ్ఞతార్పణ తెండని ఏ నోటితో అడుగుదుము? ఈ నెల ఆ సంగతే మీతో మాట్లాడగోరుచున్నాము.

మొదట మా ఇంటి తప్పు చెప్పుకొందుము. ఒక వేసవిలో నాలుగు దినములు కొళాయి నీళ్లు రాలేదు. అయిదవనాడు తెల్లవారుజామున మూడు గంటలకు వచ్చినవి. మా సహధర్మచారిణి లేచి బిందెలు, తొట్టి నింపి, లేవలేని ఎదురింటి అవ్వకు కూడ రెండు బిందెలు పోసి వచ్చినది. ఆరు గంటలకు నిద్ర లేచిన మేము స్నానమునకు పోయి, "తొట్టి అడుగున మట్టి ఉన్నది, చూచుకోవద్దా?" అని విసుగుకొంటిమి. ఆమె ఏమియు అనలేదు. ఆ ఆదివారము మేము చేయవలసిన ప్రసంగము స్తుతియాగమును గూర్చినది! వ్రాసికొన్న కాగితము చేత పట్టుకొనగానే సిగ్గు వేసినది. ఆమెను క్షమాపణ అడిగిన తరువాతనే గుడికి బయలుదేరితిమి.

నీళ్లు రాకపోవుటకు ఆమె కారణమా? కాదు. నీళ్లు పట్టినదే ఆమె. సణుగుడు స్వభావమే ఇది. కారణమైనవారి యొద్దకు అది పోదు, చేరువలో ఉన్నవారి మీద పడును.

మన సీమ కరువు ఎవరి ఇంటిలోను పుట్టినది కాదు. నైరుతి ఋతుపవనము పడమటి కనుమల మీదనే తన నీరు చాలవరకు కురిపించి మనవైపు వచ్చును. ఈశాన్య ఋతుపవనము తూర్పు తీరమునుండి ఇంత దూరము వచ్చుసరికి బలహీనమగును. అందుచేత పాత అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానయే. 2022లో కదిరి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది గాని, మబ్బులకు జిల్లా హద్దులు తెలియవు గదా! ఎర్రనేల తేమను ఎక్కువ దినములు పట్టి ఉంచదు. చెనక్కాయకు ఊడలు దిగి కాయ పట్టే వేళ రెండు మూడు వారములు బెట్ట వచ్చినయెడల, చెట్టు పచ్చగా కనబడినను పెరికి చూచినప్పుడు కాయ ఉండదు. విత్తనములకు తెచ్చిన అప్పు మాత్రము ఉండును. ఆ సాయంకాలము సంగటిలోకి చేసిన ఊరిబిండిలో కారము ఎక్కువైనదని ఇంట పెద్ద జగడము లేచును. జగడము కారమును గూర్చినది కాదని ఇద్దరికిని తెలియును. మూలనున్న పిల్లలకును తెలియును.

ఇశ్రాయేలీయులను చూడుడి. సంఖ్యాకాండము 11వ అధ్యాయములో, దినదినము మన్నా దొరుకుచుండగానే వారు ఐగుప్తులో తినిన చేపలను, దోసకాయలను, ఉల్లిపాయలను తలంచుకొని ఏడ్చిరి. ఇటుకల పని, కొరడా దెబ్బలు వారికి జ్ఞాపకము రాలేదు. సణుగుడు మనిషి జ్ఞాపకమును కూడ చెరుపును. వారు తమ గుడారములలోనే సణిగిరని 106వ కీర్తన చెప్పుచున్నది. గుడారమనగా ఇల్లే గదా!

అయితే అదే అధ్యాయములో మోషే కూడ కఠినముగా మాటలాడెను. ఈ జనుల భారము ఒంటరిగా మోయలేనని, ఇంతకంటె చచ్చుట మేలని చెప్పెను. దేవుడు అతనిని గద్దింపలేదు. డెబ్బదిమంది పెద్దలను ఏర్పరచి అతని భారమును వారికి పంచెను. భేదమేమి? జనులు దేవుని గూర్చి తమలో తాము మాటలాడుకొనిరి. మోషే దేవునితోనే మాటలాడెను. మొదటిది సణుగుడు, రెండవది మొర. సణుగుడు ఇంటివారిని గాయపరచును. మొర భారమును మోయగలవాని యొద్దకు చేర్చును.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పవలెను. కృతజ్ఞత అనగా నోరు కట్టుకొనుట కాదు. 2006 ఫిబ్రవరి 2న గ్రామీణ ఉపాధి హామీ పథకము దేశమంతటికి మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే ఆరంభమైనది. పల్లెలోని పేదవాడు పని అడుగుట అతని హక్కు అని ఆ చట్టము చెప్పినది. హక్కును అడుగుట, రావలసిన కూలిని అడుగుట సణుగుడు కాదు. తాగి వచ్చి కొట్టు భర్తను గూర్చి ఒక సహోదరి కన్నీళ్లతో చెప్పినప్పుడు, "ఓర్చుకొని స్తుతించమ్మా" అని పంపివేయు సంఘము స్తుతిని నేర్పుట లేదు, దేవుడు వినుచున్న మొరను అణగద్రొక్కుచున్నది.

ఇక కోత పండుగ మాటకు వచ్చెదము. 2018లో రాయలసీమలో వానలు బాగుగా తప్పినవి. పండుగ మానుదమా అని పెద్దలు అడిగిరి. హబక్కూకు మాకు దారి చూపెను. ఆ ప్రవక్త తన గ్రంథపు చివరి అధ్యాయములో అంజూరము, ద్రాక్ష, ఒలీవ, పొలము, మంద అని ఒకటొకటిగా లెక్కపెట్టి, ఏదియు లేకపోయినను ప్రభువునందు ఆనందింతునని చెప్పెను. ఆయన లేమిని దాచిపెట్టి స్తుతింపలేదు, లేమిని పేరుపెట్టి చెప్పి స్తుతించెను. కనుక ఆనాడు మేము సంఘమును, "మొదట పోయినదేమో చెప్పుడి, తరువాత దొరికినదేమో చెప్పుడి" అని కోరితిమి.

ఒక రైతు సహోదరుడు భార్యాబిడ్డలతో ముందుకు వచ్చెను. ఆ ఇంటిలో జగడములు తీర్చుటకు మేము రెండుసార్లు పోయి ఉంటిమి. చేతిసంచి బల్లమీద ఉంచి ఆయన అన్న మాటలివి: "చెనిక్కాయ పూర్తిగా పోయింది అయ్యగారూ. ఇవి రెండు సేర్ల ఉలవలు. ఆ చివరి వానకు ఉలవలైనా చల్లుదామని మా ఇంటామె అనింది. నేను కసురుకొన్నాను. ఆమే చల్లింది. ఈ మాట ఇంట్లో ఎప్పుడూ ఒప్పుకోలేదు, ఇక్కడ చెప్తాండా."

ఆమె కొంగుతో కండ్లు తుడుచుకొనెను. ఆ ఏడు వారి అప్పు తీరలేదు. ఆయన బెంగుళూరికి కూలికి పోవుటయు తప్పలేదు. కాని పోవునప్పుడు ఆ ఇంట జగడము లేదు. తరువాత ఆమెయే మాతో, "పోయేటప్పుడు చెప్పి పోయినాడయ్యా" అనినది. అంతకుముందు ఆయన చెప్పకుండ పోవువాడట.

ప్రియులారా, దేవునికి చెల్లించు స్తుతి మన ఇంటివారి చెవికి చేరవలెను. "ప్రభువా, ఈ ఆహారమునకై స్తోత్రము" అని చెప్పి, దానిని వండిన చేతులను మరచినయెడల ఆ స్తోత్రము సగమే.

ఈ మాసము మీ కుటుంబ ప్రార్థనలో ఇట్లు చేసి చూడుడి. ప్రతివారును ఆ దినపు బాధ ఒకటి దాచక దేవునితో చెప్పవలెను. పిమ్మట ఇంటిలోని ఒకరి పేరు చెప్పి, వారు చేసిన ఒక పనికై వారు వినునట్లు దేవుని స్తుతింపవలెను. పిల్లలను బలవంతపెట్టవద్దు. తండ్రి మొదలుపెట్టినయెడల వారే నేర్చుకొందురు. మొదటి రెండు దినములు మాట పెగలదు. మాకును పెగలలేదు. మూడవనాడు మేము చెప్పిన మొదటి మాట, తెల్లవారుజామున నిండిన ఆ తొట్టిని గూర్చినదే.

ప్రభువు మీ గృహములను దీవించును గాక. ఆమేన్.