తాతగారి రివాల్వర్ ఎంత చేస్తుంది? ధర కంటే ముందు చూడాల్సినవి ఇవీ..

అడిక్‌మెట్‌లోనో తార్నాకలోనో ఒక పాత ఇల్లు బిల్డర్‌కి ఇస్తున్నారనుకోండి. సామాన్లు సర్దుతుంటే బీరువా అడుగున గుడ్డలో చుట్టిన రివాల్వర్ కనిపించింది. లేదా మీ ఫోన్‌కే ఎవరో ఫొటో పంపారు. ‘ఒరిజినల్ వెబ్లీ, చాలా రేర్ పీస్, యాంటిక్ కాబట్టి లైసెన్స్ అక్కర్లేదు’ అని కింద రాశారు. రెండు సందర్భాల్లోనూ మనకు ముందు తోచే మాట ‘ఎంత చేస్తుంది?’ అని. పోలీసులు, కోర్టు అడిగేది మాత్రం ఏ బోరు, ఏ నంబరు, ఎవరి పేరు మీద లైసెన్సు అని. ఈ మూడింటికీ సమాధానం లేకపోతే అది ఎంత అరుదైన ముక్కయినా మీకు ఆస్తి కాదు, కేసు.

ఉస్మానియా విశ్వవిద్యాలయం చుట్టూ ఉన్న ఈ పాత బస్తీల్లో రిటైరైన ఉద్యోగుల ఇళ్లు చాలా ఉన్నాయి. అలాంటి కుటుంబాల్లో లైసెన్సు తీసుకున్న మనిషి పోయి, ఆయుధం మాత్రం ఇంట్లోనే మిగిలిపోయే అవకాశం ఉంటుంది. అందుకే ఈ సంగతులు తెలిసి ఉండాలి.

పాత విదేశీ రివాల్వర్‌కి అంత గిరాకీ ఎందుకు?

1980ల రెండో సగం నుంచి మామూలు పౌరులు విదేశీ తుపాకులు దిగుమతి చేసుకోవడం దాదాపు ఆగిపోయింది. క్రీడాకారుల లాంటి కొద్దిమందికే మినహాయింపు. కాబట్టి బర్మింగ్‌హామ్‌లో తయారైన వెబ్లీ అండ్ స్కాట్, అమెరికా స్మిత్ అండ్ వెసన్, కోల్ట్ లాంటివి అంతకుముందు దేశంలోకి వచ్చినవే చేతులు మారుతున్నాయి. కొత్తవి రావు, ఉన్నవి తగ్గుతుంటాయి.

కొత్తది కావాలంటే దేశీయ రివాల్వర్లు ఉన్నాయి. కాన్పూర్ ఆయుధ కర్మాగారం .32 రివాల్వర్ చేస్తుంది. దాని రూపానికి మూలం కూడా పాత వెబ్లీయే. అక్కడే 2014లో ‘నిర్భీక్’ పేరుతో సుమారు అర కిలో బరువున్న తేలికపాటి రివాల్వర్ తెచ్చారు. అప్పటి ధర ₹1,22,360. దేశీయ రివాల్వరే లక్ష దాటితే, అసలు ఇంగ్లండ్ వెబ్లీకి ఎంత అడుగుతారో ఊహించుకోవచ్చు. మోసాలకు చోటు దొరికేది అక్కడే.

చూడటానికి ఒకేలా ఉంటాయి, చట్టంలో వేరు

వెబ్లీ రివాల్వర్‌ని గుర్తుపట్టడం కష్టం కాదు. గొట్టం ముందుకి మడత పడుతుంది. అలా తెరవగానే సిలిండర్‌లోని తూటాలు, ఖాళీ గుల్లలు అన్నీ ఒకేసారి పైకి లేస్తాయి. చిక్కంతా ఏ రకం అన్న దగ్గర వస్తుంది. మన దగ్గర వినిపించే పేర్లు ముఖ్యంగా ఇవి:

మార్క్ 6: 1915లో బ్రిటిష్ సైన్యం తీసుకున్నది. బోరు .455. మామూలుగా ఆరంగుళాల గొట్టం, కిలో పైగా బరువు.

మార్క్ 4, .38 బోరు: రెండో ప్రపంచ యుద్ధంలో విస్తారంగా వాడారు. ఫ్రేమ్ మీద ‘మార్క్ 4’, ‘.38’, ‘145/200’ అని ముద్ర ఉంటుంది. 145, 200 అనేవి తూటా బరువులు, గ్రెయిన్లలో. యుద్ధకాలంలో హడావుడిగా నునుపు చేయకుండా పంపినవాటి మీద ‘వార్ ఫినిష్’ అని కూడా కొట్టారు.

ఎన్‌ఫీల్డ్ నంబర్ 2: ప్రభుత్వ కర్మాగారంలో చేసిన .38. దూరం నుంచి చూస్తే వెబ్లీ అనే అనుకుంటారు. దీని మీద ‘ఎన్‌ఫీల్డ్’ ముద్ర, తయారైన ఏడాది ఉంటాయి.

మార్క్ 4, .32 బోరు: సైన్యం కోసం కాకుండా బయటి మార్కెట్ కోసం చేసింది. .38తో పోలిస్తే తక్కువగా కనిపిస్తుంది. మన దేశంలో కొనేవాళ్లు వెతికేది ఎక్కువగా దీన్నే.

ఎందుకంటే మన ఆయుధ నిబంధనలు .380, .455 సైనిక తూటాలను పేల్చగల రివాల్వర్లను పరిమిత కోవలో పెట్టాయి. వాడుకలో వీటినే ‘ప్రొహిబిటెడ్ బోర్’ అంటారు. వీటి లైసెన్సు కేంద్ర హోంశాఖ చేతిలో ఉంటుంది. .32 ఆ కోవలోకి రాదు. దానికి హైదరాబాద్‌లో పోలీస్ కమిషనర్ లైసెన్సు ఇవ్వగలరు.

ఇక్కడొక మెలిక ఉంది. వెబ్లీ మీద ‘.38’ అని ఉంటే అది .380 కాదులే అనుకోకండి. బ్రిటిష్ సైన్యం .380 అని పిలిచిన తూటా పట్టేది అందులోనే. చట్టం ముద్రతో ఆగదు, ఏ తూటా పట్టి పేలుతుందో చూస్తుంది. అంటే పక్కపక్కన పెడితే కవలల్లా ఉండే రెండు మార్క్ 4లలో ఒకదాని ఫైలు నగరంలోనే తేలుతుంది, ఇంకోదాని ఫైలు ఢిల్లీ వెళ్లాలి.

నంబరు చెరిగిపోయి ఉంటే?

కొనే ఆలోచన అక్కడితో మానేయండి. ఆయుధ చట్టం 1959లోని 8వ సెక్షన్ ప్రకారం తయారీదారు పేరు, నంబరు లేదా గుర్తింపు ముద్ర లేని తుపాకీని అమ్మకూడదు. ముద్రను చెరిపినా, మార్చినా, దొంగ ముద్ర కొట్టినా నేరం. పైగా ముద్ర చెరిగిన తుపాకీ ఎవరి దగ్గర ఉంటే వాళ్లే చెరిపారని చట్టం భావిస్తుంది. కాదని రుజువు చేసుకోవాల్సిన బాధ్యత మీదే.

విదేశీ పేర్లు కొట్టిన నాటు తుపాకులు కూడా తిరుగుతుంటాయి. అక్షరాలు వంకరగా ఉండటం, బర్మింగ్‌హామ్ పరీక్షాశాల వేసే కిరీటం గుర్తు లేకపోవడం, ఫ్రేమ్ మీద ఒక నంబరు, సిలిండర్ మీద ఇంకో నంబరు ఉండటం అనుమానించాల్సిన విషయాలు. ఫొటో చూసి ఇవన్నీ తేల్చలేం. ‘అడ్వాన్స్ పంపండి, కొరియర్ చేస్తాం’ అన్నారంటే అది డబ్బు కాజేసే ఎత్తయినా అయి ఉండాలి, అక్రమ ఆయుధమైనా అయి ఉండాలి.

వందేళ్లు దాటితే లైసెన్స్ అక్కర్లేదా?

ఈ మాట ఎక్కువగా అమెరికా వీడియోల నుంచి వచ్చింది. అక్కడి ఫెడరల్ చట్టంలో 1898 లేదా అంతకుముందు తయారైన తుపాకీని యాంటిక్‌గా చూస్తారు. మన దగ్గర ఒక్క వయసుతో పని జరగదు. మన చట్టం 45వ సెక్షన్ మినహాయింపు ఇచ్చేది కాలం చెల్లిన, పురాతన విలువ ఉన్న లేదా పాడైపోయిన ఆయుధానికే. అదీ మరమ్మతు చేసినా చేయకపోయినా తుపాకీగా పనికిరానిదై ఉండాలి. 1915 నాటి మార్క్ 6కి ఇప్పుడు వందేళ్లు దాటాయి. స్ప్రింగ్ మారిస్తే పేలుతుందనుకుంటే ఆ మినహాయింపు దానికి వర్తించదు.

2020 ఫిబ్రవరిలో కేంద్ర హోంశాఖ ‘క్యూరియో’ కోవలోకి వచ్చే చిన్న ఆయుధాలను భారత పౌరులు ఉంచుకోవడానికి లైసెన్సు అక్కర్లేదని ప్రకటించింది. అమ్మేవాళ్లు ఇక్కడి వరకే చెబుతారు. వాడటానికి, వెంట తీసుకెళ్లడానికి, ఒక చోటి నుంచి ఇంకో చోటికి తరలించడానికి లైసెన్సు కావాలని అదే ప్రకటనలో ఉంది. అమ్మినవాడి ఇంటి నుంచి మీ ఇంటికి తేవడం తరలించడమే కదా! పైగా అది క్యూరియో అవునో కాదో అమ్మేవాడు తేల్చే విషయం కాదు. లైసెన్సు అధికారి నుంచి రాతపూర్వకంగా సమాధానం తీసుకోండి.

చట్టప్రకారం కొనాలంటే..

ముందు లైసెన్సు, తర్వాత ఆయుధం. వరస మారకూడదు. 21 ఏళ్లు నిండి ఉండాలి. దరఖాస్తు చేస్తే పోలీసు విచారణ జరుగుతుంది. ఆయుధాన్ని భద్రంగా ఉంచుతామన్న హామీ, ఆరోగ్య ధ్రువపత్రం, శిక్షణ పత్రం అడుగుతారు. మంజూరైతే మీ వివరాలు జాతీయ డేటాబేస్‌లో చేరి, యూఐఎన్ అనే ప్రత్యేక నంబరు వస్తుంది. ఆ నంబరు లేని పాత లైసెన్సు పుస్తకం ఇప్పుడు చెల్లదు. అమ్మేవాళ్లు చూపించే పుస్తకంలో మీరు మొదట వెతకాల్సింది ఇదే.

లైసెన్సుదారు తన ఆయుధాన్ని లైసెన్సు ఉన్న ఇంకొకరికి అమ్ముకోవచ్చు. కానీ అమ్మే ఉద్దేశాన్ని ముందుగా అధికారికి లేదా దగ్గరి పోలీస్ స్టేషన్‌కి రాతపూర్వకంగా చెప్పాలి. అలా చెప్పాక కనీసం 45 రోజులు ఆగాలి. ‘ఈ రోజే తేల్చుకోండి, ఇంకో పార్టీ రెడీగా ఉంది’ అన్న బేరం ఈ నిబంధన ముందు నిలవదు.

2019 సవరణ తర్వాత ఒక మనిషి దగ్గర రెండు తుపాకులకు మించి ఉండకూడదు. అంతకుముందు మూడు ఉండేవి. వారసత్వంగా వచ్చింది కూడా ఈ లెక్కలోకే వస్తుంది. కాబట్టి మన దేశంలో రివాల్వర్లను నాణేల్లాగా, స్టాంపుల్లాగా సేకరించడం కుదరదు. లైసెన్సు గడువు మాత్రం మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెరిగింది.

విదేశంలో ఉన్న మీ అబ్బాయి అక్కడ చట్టబద్ధంగా కొన్నాడని వచ్చేటప్పుడు బ్యాగులో పెట్టుకుని తేవడం కూడా కుదరదు. దిగుమతికి విడిగా అనుమతి కావాలి.

ఇంట్లో దొరికితే ఏం చేయాలి?

ట్రిగ్గర్ జోలికి వెళ్లకండి. తెరిచి చూడాలనీ అనుకోకండి. లోపల తూటాలు ఉండవచ్చు. పిల్లల్ని దూరంగా ఉంచి ఆ గదికి తాళం వేయండి. తుప్పు వదిలిద్దామని గీకకండి, నంబరు చెరిగితే నష్టం మీకే. ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టకండి.

తర్వాత కాగితాలు వెతకండి. పాత లైసెన్సు పుస్తకంలో తయారీదారు పేరు, బోరు, నంబరు రాసి ఉంటాయి. ఆయుధాన్ని ముట్టుకోకుండానే సగం సమాధానం దొరుకుతుంది. ఎన్నికలప్పుడు ఆయుధాలు డిపాజిట్ చేయించుకుంటారు కాబట్టి స్టేషన్ ఇచ్చిన పాత రసీదులు కూడా ఉండవచ్చు. అవీ పనికొస్తాయి.

ఆ తర్వాత మీ పరిధిలోని పోలీస్ స్టేషన్‌కి సమాచారం ఇవ్వండి. ఆయుధాన్ని మీరే సంచిలో వేసుకుని స్కూటర్ మీదో మెట్రోలోనో బయల్దేరకండి. దాన్ని ఎలా అప్పగించాలో వాళ్లనే అడగండి. లైసెన్సుదారు చనిపోయినా, గడువు తీరినా, ఆయుధాన్ని అనవసర జాప్యం లేకుండా స్టేషన్‌లో లేదా లైసెన్సు ఉన్న డీలర్ దగ్గర డిపాజిట్ చేయాలని 21వ సెక్షన్ చెబుతుంది. రసీదు తప్పక తీసుకోండి. అందులో బోరు, నంబరు సరిగా రాశారో లేదో అక్కడే సరిచూసుకోండి.

డిపాజిట్ చేస్తే ఆయుధం పోయినట్టే అన్న భయంతో చాలామంది దాచేస్తారు. డిపాజిట్ చేసిన తర్వాత కూడా వారసులు లైసెన్సుకి దరఖాస్తు చేసుకోవచ్చు, అర్హత ఉన్నవాళ్లకు అమ్ముకోవచ్చు. కాకపోతే నిర్ణీత గడువులోగా ఏదో ఒకటి తేల్చుకోవాలి. వదిలేస్తే ఆయుధం ప్రభుత్వపరం అవుతుంది. దాచినప్పుడు ఉండే ముప్పు వేరు. లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకుంటే రెండేళ్ల నుంచి అయిదేళ్ల దాకా జైలు, జరిమానా. ‘మా తాతగారిది’ అన్న మాట లైసెన్సుకి బదులు కాదు.

లైసెన్సు వారసులకు వస్తుందా?

దానంతట అది రాదు, దరఖాస్తు చేసుకోవాలి. లైసెన్సుదారు చనిపోయాక చట్టబద్ధ వారసుడు అడగవచ్చు. మరణ ధ్రువపత్రం, మిగతా వారసుల అంగీకారం సిద్ధంగా ఉంచుకోండి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లలో ఒక్కరు కాదన్నా ఫైలు ఆగిపోవచ్చు. తిరస్కరిస్తే కారణాలు రాతపూర్వకంగా అడగండి. అప్పీలుకి వెళ్లే హక్కు 18వ సెక్షన్ ఇస్తుంది.

చాలామందికి తెలియని వెసులుబాటు ఇంకొకటి ఉంది. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సుదారుకి 70 ఏళ్లు నిండినా, ఆయుధం ఆయన దగ్గర 25 ఏళ్లుగా ఉన్నా, ఏది ముందైతే దాన్నిబట్టి, బతికుండగానే తన వారసుడి పేరు సూచించవచ్చు. అప్పుడు బోరు, నంబరు, కొన్న వివరాలు చెప్పడానికి ఆయనే ఉంటారు. మీ నాన్నగారి దగ్గరో మామగారి దగ్గరో లైసెన్సు ఉన్న పాత రివాల్వర్ ఉంటే, ఈ వారమే ఆ పుస్తకం తీయించి యూఐఎన్ ఉందా, గడువు ఎప్పటిదాకా, బోరు ఎంత అని చూడండి. వద్దనుకుంటే ఆయన సంతకంతోనే అమ్మకానికి నోటీసు ఇవ్వవచ్చు. ధర సంగతి అప్పుడు డీలర్‌ని అడగండి.