జూలైకి బట్టీలు ఖాళీ



పోలీసు తనిఖీలు పెంచితే బాలకార్మికులుండరన్న మీ పత్రిక గత వారం వ్యాసం సగమే చూసింది. పనిలో ఉన్న పిల్లలను పోలీసులు విడిపించే ఆపరేషన్ ముస్కాన్ జరిగేది జూలైలో. హైదరాబాద్ శివార్ల ఇటుక బట్టీలు అప్పటికే ఆగిపోతాయి, ఒడిశా కుటుంబాలు ఊళ్లు చేరతాయి. జనవరిలో జరిగే ఇలాంటిదే ఆపరేషన్ స్మైల్ కొంత నయం.

వానలు మొహం చాటేసిన ఏడాది ఒడిశాలోని బలంగీర్, నువాపడా కూలీలు నువాఖాయి పండగ వేళ అడ్వాన్సు తీసుకుంటారు. ఇక్కడ కూలి వెయ్యి ఇటుకల లెక్కన. అకాల వానకు పచ్చి ఇటుక కరిగితే లెక్కలోకి రాదు, అప్పు మాత్రం తరగదు. ఇక పిల్లలూ దిగాల్సిందే. ఆరే ఇటుకలను తిరగేసేది ఎక్కువగా వాళ్లే. బరువు తక్కువ కాబట్టి వరుసల మీద నడిచినా ఇటుక చెదరదు.

పిల్లలకు ముప్పు బట్టీల్లోనే కాదు. మా బాచుపల్లిలో 2024 మే 7న భారీ వానకు నిర్మాణ స్థలంలో గోడ కూలి ఒడిశా, ఛత్తీస్‌గఢ్ వలసజీవులు ఏడుగురు పోయారు. వారిలో నాలుగేళ్ల బాబు ఒకడు. పనిచేసే వయసు కాదు సరే, పని జరిగే చోటే ఇల్లు.

బాలకార్మికులకు ప్రత్యేక బడులు నడిపిన జాతీయ బాలకార్మిక ప్రాజెక్టును 2021లో పాఠశాల విద్యా పథకం సమగ్ర శిక్షలో కలిపేశారు. కనీసం ఆ పథకం కింద బట్టీ దగ్గర ఒడియాలో చెప్పే బడికి డబ్బు నవంబరులో అందాలి, మార్చి 31తో ఆగకుండా జూన్ దాకా నడవాలి. కరిగిన ఇటుకకూ కూలి ఇప్పించాలి.

— ఒక పాఠకుడు, బాచుపల్లి